నల్లాలో తోలుబిళ్ల

మా ఇంటికి నల్లా వచ్చిన కొత్తలో, ఆ నీళ్లు మడికి పనికొస్తాయని మా అత్తగారిని ఒప్పించడానికి మామగారికి చాలా కాలం పట్టిందట. అది నేను కాపురానికి రాకముందు సంగతి. ఇనుప గొట్టంలో ఎక్కడినుంచో వచ్చే నీళ్లు, దారిలో ఎవరు ముట్టారో ఏమోనని ఆవిడ అనుమానం. పారే నీటికి అంటు లేదని ఒక శాస్త్రులుగారు చెప్పాకే బిందె తీసుకుని నల్లా దగ్గరికి వెళ్లారట. తర్వాత మామగారు పోయారు. నల్లా మిగిలింది. నేను వచ్చేసరికి నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న ఆ ఇంటికి, వాకిట్లోని ఇత్తడి నల్లాయే గంగ. ప్రతి శుక్రవారం అత్తగారు కోడళ్లచేత దానికి పసుపు రాయించి బొట్టు పెట్టించేవారు.

నేను బడికి వెళ్లింది కొద్ది రోజులే. మిగతా చదువంతా తెలుగు గ్రంథాలయం పెట్టింది. ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో గుమాస్తా పని చేసే మా ఆయన, ఇంటికి వచ్చే దారిలో నాకోసం పుస్తకాలు తెచ్చేవారు. ఆయనకు ఏరడం తెలియదు. బల్లమీద ఏది పైన ఉంటే అది పట్టుకొచ్చేవారు. అందువల్ల తేనెటీగల పెంపకం చదివాను, గ్రహణాల లెక్క చదివాను, ఏదో ద్వీపంలో కొబ్బరి ఎలా పండిస్తారో చదివాను. ఏరుకోని చదువు మంచి చదువని నాకు అప్పుడూ నమ్మకమే, ఇప్పుడూ నమ్మకమే. ఏరుకుని ఉంటే ఇంట్లో వాడే యంత్రాల పుస్తకాన్ని నేను ముట్టేదాన్నా?

అందులో ఒక బొమ్మ ఉంది. నిలువునా కోసిన దోసకాయలాగా ఒక వస్తువును రెండు చెక్కలు చేసి లోపలి భాగాలు చూపించారు. కింద ‘కొళాయి’ అని రాసి ఉంది. మద్రాసు వైపు అచ్చయిన పుస్తకం. ఆ మాట మావైపు ఎవరూ అనరు. బొమ్మను తిప్పి తిప్పి చూస్తే అది మా వాకిట్లో బొట్టు పెట్టించుకునే నల్లాయేనని తెలిసింది. పిడి తిప్పితే లోపల ఒక చిన్న బిళ్ల కిందికి దిగి నీటిని ఆపుతుందట. ఆ బిళ్లను తోలుతో చేస్తారట. అది చదివి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. నీళ్లు వస్తున్నాయి కదా, చెప్పడం ఎందుకు?

నీళ్లు ఆగిపోయింది రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, ఎండాకాలంలో. ఆబిడ్స్ దగ్గర రోడ్డు తవ్వుతుంటే నేల కుంగి అడుగున ఉన్న పెద్ద గొట్టం పగిలింది. ఆ పూట రోడ్డంతా ఏరు. పిల్లలు ఈతలు కొట్టారు, టాంగా గుర్రాలు నిలబడి కడుపునిండా తాగాయి. సాయంత్రానికి మా నల్లా ఒకసారి దగ్గి ఊరుకుంది. అంత లావు గొట్టం ముక్క ఊళ్లో లేదు. ఇనుమంతా యుద్ధానికి పోతోంది, ఎక్కడినుంచో రావాలి, ఎప్పుడొస్తుందో తెలియదు అన్నారు.

మా సందుకు తోలుతిత్తి నిండా నీళ్లు భుజాన వేసుకుని భిష్తీ రావడం మొదలుపెట్టాడు. అంతకుముందు అతను రోడ్లమీద దుమ్ము అణగడానికి నీళ్లు చల్లేవాడు. ఇప్పుడు అతని అడుగు చప్పుడు వినిపిస్తే చాలు, అన్ని తలుపులూ తెరుచుకునేవి. మా తలుపు తప్ప. తోలులో మోసిన నీళ్లు మా ఇంటి గడప దాటకూడదు.

మాకు దిక్కు బషీర్‌బాగ్ వైపు ఒక తోటలో ఉన్న మఠం వాళ్ల బావి. అక్కడికి వెళ్లాల్సింది మేమిద్దరం కోడళ్లం. పెద్ద కోడలిని నేను అక్కా అనేదాన్ని. బావగారిది లక్డీకాపూల్‌లో సర్కారు ఆఫీసులో గుమాస్తాగిరీ. మగవాళ్లకు కొలువులున్నాయి కాబట్టి నీళ్లు ఆడవాళ్ల పని. బావి దగ్గర తలమీద నీళ్లు పోసుకుని, తడి చీరతోనే బిందె నింపి చంకన పెట్టుకుని, ఎవరికీ తగలకుండా ఇల్లు చేరాలి. అదీ మడి. మధ్యలో ఉన్నది ఆబిడ్స్. సైకిళ్లు, టాంగాలు, సినిమాకు వచ్చినవాళ్లు, దుకాణాల మెట్లమీద బేరాలాడేవాళ్లు. ఆ రోడ్డుమీద ఎవరికీ తగలకుండా నడిచిన మనిషి లేడు. తగిలితే మాత్రం బిందె కుమ్మరించి మళ్లీ బావికి పోవాలి.

ఇల్లు చేరగానే గుమ్మంలో అత్తగారు.

“ఎవరన్న తగిలిన్రా?”

“లేదత్తమ్మా.”

“ఒక్కరు గూడనా?”

“గాలి తగిలింది, అంతే.”

నేను రోజూ అబద్ధం చెప్పాను, రోజూ నా నీళ్లు దేవుడి గూటికి చేరాయి. దేవుడు ఏమీ అనలేదు. అక్కకు అది చేతకాదు. తలవంచుకుని, “మూలమీద ఒక పోరడు ఉరుక్కుంట వచ్చి తగిలిండత్తమ్మా” అనేది. కుమ్మరించేది. తిరిగి పోయేది.

“అక్కా, జర అబద్ధం చెప్తే నీ సొమ్మేం బోయింది?” అని దారిలో కోప్పడేదాన్ని.

“మడినీళ్ల మీద అబద్ధమేందే? పాపం గాదా?”

“మరి కడుపుల ఉన్నదాన్ని ఎండల తిప్పుడు పుణ్యమా?”

అక్కకు ఐదో నెల. అంతకుముందు ఏడాది కూడా సరిగ్గా ఇలాగే ఐదో నెల వచ్చింది, నిలవలేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు గానీ అందరి కళ్లూ ఆమె నడక మీదే ఉండేవి. ఈసారి దవాఖానాలో డాక్టరమ్మ బరువులు ఎత్తవద్దని గట్టిగా చెప్పి పంపింది. ఆ సంగతి అత్తగారికి చెప్పాను.

“బరువులంటె మూటలు, రాళ్లు” అన్నారావిడ. “నీళ్లు బరువేందే?”

ఒకరోజు ఆబిడ్స్‌లో ఒక దుకాణం ముందు అక్క ఉన్నట్టుండి మెట్టుమీద కూలబడింది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. బిందె చంకలోంచి జారి దొర్లుకుంటూ పోయింది. నీళ్లు వేడి సిమెంటు మీద పరుచుకుని నేను చూస్తుండగానే ఆరిపోయాయి. టాంగా దిగుతున్న ఒక బురఖా ఆమె గబగబా వచ్చి అక్కను తన భుజానికి ఆనించుకుంది. కడుపు చూసి, “యా అల్లా, ఈమెతోని బిందె మోయిస్తున్నరా?” అంది నాతో. ఆమె తన టాంగాలోనే మమ్మల్ని ఇంటికి పంపింది. దారంతా అక్క ఏడ్చింది. నొప్పి ఎక్కడుందని అడిగితే, నొప్పి లేదు, “మడి పాయెనే” అంది. నా ఒళ్లు మండింది. ఆమె మీద కాదు.

టాంగా దిగిన మమ్మల్ని చూసి అత్తగారు గుమ్మంలోనే ఆపారు. సంగతి విన్నారు. విని, “పండుకో పో. పొద్దుగాల పోదువు” అన్నారు అక్కతో.

“అక్క ఇగ బిందె ముట్టదు” అన్నాను నేను.

“నేను మొయ్యలేదా? నీ మొగడు నా కడుపుల ఉన్నప్పుడు గూడ చెరువు నుంచి మోసిన.”

“మోస్తుంటె ఎవరన్న ఆపిన్రా అత్తమ్మా?”

“ఎవరాపుతరే? నాకెవరున్నరు ఆపటానికి?”

“అక్కకు నేనున్న. నేను ఆపుతున్న.”

ఆవిడ అక్క కడుపు వైపు చూశారు. ఎన్ని నిలవలేదో ఆవిడకూ ఒక లెక్క ఉండి ఉంటుంది. నాకు తెలియదు, అడిగే ధైర్యం ఎప్పుడూ రాలేదు. “మరి నీళ్లెట్ల?” అన్నారు కొంచెం దిగిన గొంతుతో.

మర్నాడు ఉదయం నేను తలుపు తీసి భిష్తీని పిలిచాను. అతను మా గడప చూసి వెనక్కి తగ్గాడు.

“ఏందమ్మా, ఈ ఇంట్లనా? పెద్దమ్మకు ఎరుకేనా?”

“ఎరుకైతది. నింపు భాయ్.”

“రేపు నన్ను తిట్టొద్దు మల్ల!”

“తిడితె నన్ను తిడుతరు. నువ్వు నింపు.”

అతను తిత్తి మూతి విప్పి బిందెలోకి వంచాడు. ఆ చప్పుడుకు అత్తగారు పూజలోంచి లేచి వచ్చారు. అరుపులకు మగవాళ్లూ వచ్చారు. తోలునీళ్లు ఇంట్లోకి తెచ్చిందట, వంశం మంటగలిపిందట, ఇంకా చాలా. అంతా విన్నాను. విని, నల్లా వైపు చెయ్యి చూపించాను.

“దాంట్ల లేదా తోలు? ఇన్నేండ్ల నుంచి మనం తాగింది గూడ తోలు రాసుకుంట వచ్చిన నీళ్లే.”

మా ఆయన నవ్వారు. “ఎవరు చెప్పిన్రే నీకు?”

“పుస్తకంల ఉన్నది.”

“ఏ పుస్తకం? చూపియ్.”

“ఎట్ల చూపియ్య? మీరే వాపసు ఇచ్చొచ్చిన్రు గద.”

“గట్లనే ఉంటది నీ పుస్తకాల ముచ్చట” అని ఆయన బావగారి వైపు చూసి మళ్లీ నవ్వారు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను. సందు మొదట్లో కిరాయి సైకిళ్ల దుకాణం ఉంది. చెంగు నిండుగా కప్పుకుని అక్కడికి నడిచి వెళ్లి మరలు విప్పే పానా అడిగాను. దుకాణం ఆయన ఎందుకని కూడా అడగకుండా ఇచ్చాడు, బహుశా ఆశ్చర్యంతో. నీళ్లు లేవు కాబట్టి నల్లా విప్పినా భయం లేదు. బొమ్మ నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. పైన పిడి కింద ఉన్న మర పట్టుకుని తిప్పాను. రాలేదు. రెండు చేతులా తిప్పాను. పసుపూ కుంకుమా పెచ్చులుగా రాలాయి, మర కదిలింది. లోపలి కాడ పైకి లాగి, దాని చివర ఉన్న బిళ్లను గోటితో ఊడదీసి అరచేతిలో పెట్టి చూపించాను. నల్లగా నాని, పాత చెప్పు అంచులాగా ఉంది. వాసన కూడా తోలుదే.

ఎవరూ నవ్వలేదు.

ఆ క్షణం నాకు ఎంత గర్వంగా ఉందో ఇప్పటికీ దాచుకోను. అచ్చులో చదివిన మాట నా అరచేతిలో ఉంది. ఇక అత్తగారు, ఇన్నేళ్లు తాగాం కదా, ఏమీ కాలేదు కదా, భిష్తీ నీళ్లూ తాగుదాం అంటారనుకున్నాను. చదువు అలాంటి ఆశలు పుట్టిస్తుంది.

అత్తగారు దగ్గరికి వచ్చి చూశారు. ముట్టలేదు. వెనక్కి వెళ్లి అరుగుమీద కూర్చుని, “అయితె ఇన్నేండ్లు నా నోట్ల తోలునీళ్లు పోసిన్రా మీరంత?” అన్నారు. ఆ రోజు అన్నం తినలేదు. ఆ బిళ్లను పుల్లతో తోయించి సందులో పారేయించారు. సాయంత్రం ఇంట్లో అందరికీ వినబడేలా చెప్పారు: “గొట్టం బాగైతె కానియ్, కాకుంటె మానె. నేను బతికున్నన్నాళ్లు నల్లానీళ్లు నా నోట్ల పడవు. బావినీళ్లే.”

మా ఆయన నామీద విరుచుకుపడ్డారు. “తోలు తోలు అంటివి. ఇప్పుడేమాయె? ఉన్న నల్లా గూడ పాయె. ఇగ జీవితాంతం బషీర్‌బాగ్ తొవ్వే మీకు.”

నిజమే. నేను అక్క చంకలోంచి బిందె దించుదామని బయలుదేరితే అది కాస్తా అక్కడే అతుక్కునేలా ఉంది. గొట్టం బాగుపడినా ఇక విముక్తి లేదు. అక్క వంటింటి గోడకు ఆనుకుని కడుపుమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. “నేనే పోత తియ్, మెల్లగ తెస్త” అంది. ఆ మాటతో నాకు తెగింపు వచ్చింది.

మా ఇంట్లో చిన్న కోడలు బావగారి ఎదుట నిలబడదు. చెప్పాల్సింది తలుపు చాటునుంచి మొగుడికి చెబుతుంది, బావగారు విననట్టు వింటారు. ఆ సాయంత్రం నేను తలుపు చాటునుంచి ఇవతలికి వచ్చాను.

“అక్క ముట్టదు. నేను గూడ ముట్ట. మీరిద్దరు కొడుకులున్నరు. మీ అమ్మకు మీరు తెచ్చియ్యుండ్రి.”

బావగారు తల దించుకున్నారు. మా ఆయన గొంతు పెంచారు. “మొగోళ్లు తడిబట్టతోని ఆబిడ్స్‌ల బిందెలు మోస్తరా? మా దుకాణం ముంగట్నుంచా? నవ్వరా?”

“మఠంల పూజారులు మోస్తలేరా? వాళ్లు మొగోళ్లు గాదా?”

“ఇగ పుస్తకాలు బంద్ నీకు. ఒక్కటి గూడ తేను.”

“తేకుండ్రి. నేనే పోయి తెచ్చుకుంట. బిందెలు మోసి మోసి గా తొవ్వలన్ని ఎరుకైనయి.”

అరుగుమీద నుంచి అత్తగారి గొంతు వినిపించింది. నన్ను తిడతారని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ తిట్టలేదు. కొడుకుల వైపు తిరిగి, “అయితె పొద్దుగాల ఎవరు తెస్తర్రా?” అన్నారు.

ఆ తర్వాత నేను చూసిన దృశ్యం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఫైళ్లు తప్ప ఏదీ మోసి ఎరగని మా బావగారు తడి ధోవతితో, భుజాన బిందెతో, ఎటువైపు సైకిలు వచ్చినా అటు నుంచి ఇటు గెంతుతూ ఆబిడ్స్ దాటి మా సందులోకి వచ్చారు. వెనకే మా ఆయన, ముఖం కనిపించకుండా బిందెను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ. గుమ్మంలో అత్తగారు.

“ఎవరన్న తగిలిన్రా?”

బావగారూ అక్కలాంటివారే. “స్టేషన్ కాడ ఒక కూలీ తగిలిండమ్మా” అన్నారు. కుమ్మరించి మళ్లీ వెళ్లారు. మర్నాడు అదే ప్రశ్నకు, “లేదమ్మా, ఎవరు తగలలే” అన్నారు గోడవైపు చూస్తూ. పక్కనే ఉన్న అక్క తలెత్తి ఆయన్ను చూసింది. కాపురానికి వచ్చాక ఆమె ఆయన్ను అంత ఇదిగా చూడటం అదే మొదలు. మేమిద్దరం మాత్రం భిష్తీ నీళ్లే తాగాం, వండుకున్నాం, అక్క స్నానానికి కాచాం. అత్తగారు చూసీ చూడనట్టు తన వంట వేరే పెట్టుకున్నారు.

గొట్టం బాగుపడిన రోజు ముందు చప్పుడు వచ్చింది. సందులో ప్రతి ఇంటి నల్లా పాములాగా బుసకొట్టింది. ఆ వెంటనే ఎర్ర నీళ్లు, కేకలు, చప్పట్లు. మా నల్లాలో బిళ్ల లేదని అందరం మరిచిపోయాం. నీళ్లు ఉరికాయి. పిడి ఎంత తిప్పినా ఆగదు. వాకిలి నిండింది, అరుగు ఎక్కబోయింది. మా ఆయన అరచేతులతో నల్లా మూతి మూసి, మొత్తం తడిసి, “ఏమే, ఏమన్న చెయ్యే!” అని అరుస్తున్నారు. నాకు నవ్వు ఆగలేదు. మళ్లీ సైకిళ్ల దుకాణానికి పరుగెత్తాను. పాత ట్యూబు ముక్క అడిగితే, “యుద్ధమొచ్చినంక రబ్బరు బంగారమైందమ్మా” అంటూనే అరచేతంత ముక్క ఇచ్చాడు ఆయన. దాన్ని మడతపెట్టి గుండ్రంగా కత్తిరించాను. సందు చివర గొట్టానికి ఉన్న మరను తిప్పి ఆ దుకాణం ఆయనే నీళ్లు కట్టేసి వచ్చాడు. బిళ్ల బిగించి మర వదిలించాను. పిడి తిప్పితే నీళ్లు వచ్చాయి, తిప్పితే ఆగాయి.

మా ఆయనకు ఒక్కసారిగా ఆశ పుట్టింది. తల తుడుచుకుంటూ అత్తగారి దగ్గరికి పోయారు. “అమ్మా, ఇప్పుడు తోలు గాదు, రబ్బరు. రబ్బరంటె చెట్టుపాలే! పుస్తకాలల్ల ఉన్నది. ఏమే, నువ్వు చెప్పరాదు? చదివినవా లేదా?”

“చదివిన” అన్నాను. “చెట్టుపాలే.”

అత్తగారు నల్లాను చూశారు, తడిసిన కొడుకునూ చూశారు. “చెట్టుపాలో, మేకపాలో, నాకెందుకురా? నా కొడుకులు తెచ్చిన నీళ్లు నాకు మంచిగనే ఉన్నయి.”

ఆ మాట మీద నుంచి ఆవిడ దిగలేదు. తర్వాత తర్వాత బావగారు ఒక సైకిలు కొని వెనక బిందె కట్టుకుని పోయేవారు, సైకిలుకు మడి ఉందా లేదా అని ఎవరూ అడగలేదు. నేను ఆ వారమే గ్రంథాలయానికి ఒక్కదాన్నే వెళ్లాను. లోపల పేపర్లు చదువుతున్న మగవాళ్లు తలలెత్తారు. ఎత్తనీ అనుకున్నాను. బల్లమీద పైన ఉన్న పుస్తకం కాకుండా అల్మారా దగ్గరికి పోయి నాకు కావలసింది తీసుకున్నాను.

అక్కకు ఏడో నెల దాటింది, ఎనిమిదో నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం ఉక్క భరించలేక ఆమె వాకిట్లో నల్లా తిప్పి, దోసిలి పట్టి అక్కడే నిలబడి తాగుతోంది. అరుగుమీద అత్తగారున్నారు. నేను వత్తులు చేస్తున్న చెయ్యి ఆపి చూస్తున్నాను, ఒక్క మాట వస్తే అందుకోవడానికి.

“మెల్లగ తాగే” అన్నారు అత్తగారు. “పొలమారుతది.”

శ్రావణంలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. మొదటి స్నానానికి నల్లానీళ్లే కాచాం.